పిల్లికళ్ల పాఠం

ఇంట్లో మామ, బడిలో సార్. మా అమ్మ తమ్ముడే మాకు జీవశాస్త్రం చెప్పేవాడు. అరవైల మొదట్లో మా ఊళ్లో హైస్కూలు లేక, నన్ను మడకశిరలో అవ్వ దగ్గర ఉంచారు. అవ్వ అంటే అమ్మను కన్నతల్లి. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురమే: అవ్వ, మామ, నేను. పొద్దున నేను కెలికిన రాగిసంగటి తిని ఉప్పెక్కువైందని సణిగిన మనిషి, కాసేపటికి నల్లబల్ల ముందు నిలబడి నన్ను ఇంటిపేరుతో పిలిచేవాడు. ఈ పిల్లెవరో తెలియనట్టు మొహం పెట్టేవాడు.

దానికి కారణం ఉంది. నేను పుట్టిన రోజే నన్ను మామకు ఇవ్వాలని అనుకున్నారు. మా వైపు అక్క కూతురంటే తమ్ముడికే. అతను వద్దన్నాకే బయటి సంబంధం. నా పరీక్షలు ముగియగానే ముహూర్తమని అవ్వ ఊరంతా చెప్పేసింది. ఇక క్లాసులో తెలియనిదెవరికి? సార్ మా ఆడపిల్లల బెంచీ వైపు తిరిగితే చాలు, వెనక బెంచీలకు దగ్గు తెర పట్టుకునేది.

ఆ దగ్గుకు జడిసి మామ నా మీద లేని కాఠిన్యం చూపేవాడు. ఒకసారి బఠానీ మొక్కల ప్రశ్నకు "పొట్టి మొక్క తప్పకుండా వస్తుంది" అని రాశానని మార్కు కోశాడు. "వచ్చే అవకాశం ఉంది" అని రాయాలట. ప్రకృతి ఎవరికీ మాట ఇవ్వదట. ఇంటికొచ్చి ఆ మార్కు కోసం కొట్లాడాను. ఆ పూట ఆయన సంగటిలో నెయ్యి వేయలేదు. అయినా మార్కు రాలేదు.

మామ అంటే నాకు కోపమేమీ లేదు. నాకు ఎక్కాలు నేర్పిందీ, గాడిద మీద నుంచి పడితే ఎత్తుకొచ్చిందీ ఆయనే. కానీ నాకు అనంతపురం కాలేజీలో చదవాలని ఉండేది. పెళ్లయితే ఇదే ఇల్లు, ఇదే పొయ్యి, ఇదే సంగటి. ఆ మాట ఎత్తితే అవ్వ, "సదువు యాడికీ పోదు, ముహూర్తం పోతాది" అనేది. నాయనకు చెబితే అవ్వను అడగమనేవాడు. అమ్మ కళ్లు తుడుచుకునేది గానీ నోరు విప్పేది కాదు.

అట్లాంటి రోజుల్లో క్షయకరణ విభజన, అంటే బీజకణాలు ఎట్లా ఏర్పడతాయో చెప్పే పాఠం వచ్చింది. మా బడికి మైక్రోస్కోపు ఉండేది. అది బీరువాలో, బీరువా తాళం హెడ్మాస్టరు జేబులో, హెడ్మాస్టరు ఎప్పుడూ మరేదో ఊళ్లో. అందుకని మామ కంబళ్లు నేసేవాళ్ల దగ్గర నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని పోగులు తెచ్చాడు. మా వంటింట్లోంచి నాలుగు కంచాలు తెచ్చాడు. అవి బడిదాకా మోసింది నేను. ఆ మధ్యాహ్నం అవ్వ కంచాల కోసం ఇల్లంతా వెతికి, చివరికి దొంగను తిట్టిందట.

తెల్ల పోగు తల్లి ఇచ్చిన క్రోమోజోము, నల్లది తండ్రి ఇచ్చింది అన్నాడు మామ. ప్రతిదానికీ దానిలాంటిదే ఇంకో పోగు పక్కన పెట్టాడు. తెలుపూ నలుపూ పెనవేసి, కత్తెరతో కొసలు తెంపి, తెల్లదాని కొస నల్లదానికీ, నల్లదాని కొస తెల్లదానికీ ముడివేశాడు. తర్వాత జతను విడదీసి రెండు కంచాల్లోకీ, అక్కడి నుంచి మళ్లీ విడదీసి నాలుగు కంచాల్లోకీ పంచాడు. కంచానికి ఒక్క పోగే మిగిలింది. బిడ్డకు తల్లి నుంచి సగమే వస్తుంది, తండ్రి నుంచి సగమే వస్తుంది, ఏ సగం వస్తుందో ఎవరూ చెప్పలేరు అన్నాడు. కొన్ని గుణాలు ఒక తరంలో దాక్కుని ఇంకో తరంలో బయటపడతాయని కూడా చెప్పాడు. అక్కడ నా చెవి నిక్కబొడుచుకుంది.

లేచి నిలబడ్డాను. తాతకు పిల్లికళ్లు ఉండి, కొడుక్కీ కూతురికీ నల్లకళ్లే ఉంటే ఆ పిల్లికళ్లు ఏమైనట్టని అడిగాను. ఇద్దరిలోనూ ఒక్కో పోగు దాక్కుని ఉంటుందన్నాడు మామ, ఇంకా ప్రమాదం పసిగట్టకుండా.

"ఆ కూతురి బిడ్డను ఆ కొడుక్కే ఇస్తే సార్?"

వెనక బెంచీలు దగ్గి దగ్గి చచ్చాయి. ఆ పిల్లకు ఆ పోగు వచ్చిందో లేదో ముందు తెలియాలి, వచ్చి ఉంటే నలుగురు బిడ్డల్లో ఒకరికి పిల్లికళ్లు వచ్చే అవకాశం ఉంది, రాకుంటే లేదు అని గబగబా చెప్పాడు. ఎవడో ఒక గడుగ్గాయి అట్లాంటి ఇల్లు మీకు తెలుసా సార్ అని అడిగాడు. తెలియదన్నాడు మామ. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. పాపం సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఆ తాత మా తాతే. నేను పుట్టకముందే పోయాడు. పొట్టేళ్ల పందేల్లో బావికింది మడి పోగొట్టి, కౌలుకిచ్చానని అవ్వకు చెప్పి ఏడాదిపాటు నమ్మించిన ఘనుడు. అప్పటి నుంచి అవ్వకు పిల్లికళ్లంటే పడదు. మంచి గాజులు తెచ్చినా సరే, పిల్లికళ్ల గాజులమ్మిని గడప తొక్కనిచ్చేది కాదు. ఆ కళ్లు తన ఇంట్లో మళ్లీ తెరుచుకోకూడదని ఆమె పంతం.

ఆ సాయంత్రం అవ్వ అరుగు మీద కూర్చుని ఉన్ని వడుకుతోంది. ఆమె ఒళ్లోంచే రెండు పోగులు లాగి పాఠం మొదలుపెట్టాను. దాక్కున్న పోగు దగ్గరకొచ్చేసరికి అవ్వ కదురు ఆగింది. అవకాశం, నలుగురిలో ఒకరు లాంటి చిల్లర మాటలు నేను వాడలేదు. మామకు నన్ను చేస్తే పుట్టే ప్రతి బిడ్డకూ తాత కళ్లే అని తేల్చేశాను. అవ్వ నా చేతిలోని పోగులు లాక్కుంది.

"మీ మామ రానీ. వాని నోట వింటా" అంది.

నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్క మాట ఎక్కువ రాసినందుకు మార్కు కోసిన మనిషి. ఆయన ఉన్నదున్నట్టు చెబితే అవ్వ నవ్వి పురోహితుడికి కబురు పెడుతుంది. కాలేజీ కథ అక్కడితో సరి. సైకిలు చప్పుడు వినబడగానే స్తంభం చాటుకు పోయి నిలబడ్డాను.

"ఏంరా, ఈ పిల్లని నీకు చేస్తే మీ నాయన కండ్లు వస్తాయంట. మీ పుస్తకంలో అట్ల ఉండాదా?" అని అడిగింది అవ్వ.

మామ నా వైపు చూశాడు. నేను స్తంభం చాటు నుంచే రెండు చేతులూ జోడించాను. ఆయన కడవలో చెంబు ముంచి నీళ్లు తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"తప్పకుండా వస్తాయి మా. ఒక్క బిడ్డకీ తప్పదు" అన్నాడు.

తప్పకుండా అట! నా మార్కు గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను. ఆ రాత్రి సంగటిలో రెండింతలు నెయ్యి వేశాను. నీకూ నన్ను చేసుకోవడం ఇష్టం లేదు కదా మామా అని మెల్లగా అడిగితే, నిన్ను కట్టుకుంటే జన్మంతా ఉప్పు సంగటే కదా అన్నాడు. నాకు కొంచెం రోషం వచ్చింది కూడా.

అవ్వ మాట మా ఇంట్లో శాసనం. ఆమె వద్దంది, నాయన గొణిగాడు, అమ్మ ఎవరూ చూడకుండా నా చెంపలు నిమిరింది. పరీక్షలు పాసయ్యాను. కాలేజీలో సీటు వచ్చింది. అనంతపురం బస్సు ఎక్కించడానికి అవ్వ కూడా వచ్చింది. మామ నా ట్రంకు పెట్టె కట్టడానికి బస్సు పైకెక్కాడు. అవ్వ కిటికీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"మీ మామ ఆ పొద్దు అబద్ధమాడినాడు. నాకు తెల్దనుకున్యావా?"

నేను కిటికీలోంచి తల బయటపెట్టాను.

"మీ తాత అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. మడి పోయినంకనే ఆ గుర్తు తెల్సుకున్యా. కండ్లు రాకపోయినా ఆ చెవులు మాత్రం వీనికి వచ్చినాయి. అంతకాలం ఆయనతో కాపురం చేసిందాన్ని, ఆ మాత్రం కనిపెట్టలేనా?"

మరెందుకు ఒప్పుకున్నావవ్వా అని అడిగాను.

"వాడు నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పల్యా. నీకోసరం చెప్పినాడు. ఇంగ నేను కాదనేకి ఏముండాది?"

ఇంతలో మామ కిందికి దిగి, చేతుల దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. ఉత్తరాలు రాయమన్నాడు. తప్పకుండా రాస్తానన్నాను. రాసే అవకాశం ఉందని చెప్పు అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. డ్రైవరు బస్సు స్టార్ట్ చేశాడు.

"నేను పోతాంటే నీకేం బాధ లేదు గదా మామా?"

"నాకేం బాధ? మార్కుల కోసం కొట్లాడే మనిషి తప్పింది" అన్నాడు నవ్వుతూనే.

నేను ఆయన మొహం చూడలేదు. చెవులు చూశాను. పండుమిరపకాయల్లా ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. బస్సు కదిలింది.