తువాలు కింద లంక బేరం

ఎనభైల మొదట్లో, రామేశ్వరం నుంచి లంకకు ఓడ ఇంకా నడుస్తున్న రోజుల్లో, గుంటూరులోని మా మిర్చి కొట్టు గోడకి నేనొక మ్యాపు అంటించాను. నాన్న రోజూ దండం పెట్టుకునే లక్ష్మీదేవి పటం పక్కనే. ఎర్ర పెన్సిలు గీత గుంటూరులో మొదలై చీరాల, నెల్లూరు, మద్రాసు మీదుగా మండపం దాకా దిగి, అక్కడ సముద్రంలోకి దూకి, లంకలో తేలేది. కొట్టుకొచ్చిన రైతులు లక్ష్మీదేవికి దండం పెట్టి, అదే ఊపులో మ్యాపుకీ ఒకటి పెట్టేవాళ్లు.

ప్లాను నాదీ, మా పిన్నిదీ. పిన్ని చీరాలలో పంతులమ్మ. ఏటా పిల్లల చేత లంక పటం గీయించీ గీయించీ విసుగెత్తిందట. కొట్టు వ్యాను నడపడం నాకు వచ్చు. అప్పటికి పాంబన్ మీద రోడ్డు వంతెన లేదు కాబట్టి వ్యాను మండపంలో వదిలి, రైల్లో సముద్రం దాటి, రామేశ్వరంలో ఓడెక్కాలి. అవతల దిగాక కారు అద్దెకు తీసుకుని లంకంతా చుట్టాలి. ఆ కారూ నేనే నడపాలి. పాస్‌పోర్టులు కూడా వచ్చేశాయి.

నాన్న వద్దనలేదు. వద్దని ఉంటే గెలవడం తేలిక. ఆయన వ్యాపారి, ఒప్పుకుంటూనే బిగించాడు.

"వెళ్లండమ్మా, ఎవరు కాదన్నారు? మగతోడు మాత్రం ఉండాలి. పెదనాన్న, బావలిద్దరూ, డ్రైవరూ వస్తారు."

నలుగురు! వాళ్లెక్కితే స్టీరింగు నా చేతికి రాదు. వాళ్లకి కాచిపెట్టే పనిలో పిన్ని లంకలో చూసేది కాఫీ గిన్నె అడుగే. అలా వెళ్లడం కంటే మానుకోవడం మేలు. మానుకోవడం నాకిష్టం లేదు.

పెదనాన్నది మా పక్క బజారులో కిరాణా కొట్టు. ఆయన రోజూ వచ్చి మ్యాపు కింద కూచునేవాడు.

"ఆడాళ్లు సముద్రం దాటడమేంటే?"

"సీతమ్మ దాటలేదా పెదనాన్నా?"

"ఆవిణ్ణి ఎత్తుకుపోయారే!"

"మేం మా అంతట మేమే పోతున్నాం. ఇంకా నయం కదండీ?"

"సరే, ఓడలో కళ్లు తిరిగితే ఎవరు పట్టుకుంటారు?"

ఆ మాటకి జవాబు చెప్పాలని ఒక ఆదివారం పిన్నితో వాడరేవు వెళ్లి చేపల పడవ మాట్లాడాను. గీచి గీచి బేరమాడాను. అలలు దాటామో లేదో నా కడుపులో ఉన్నదంతా సముద్రం పాలైంది. పిన్ని పక్కనే కూచుని జంతికలు నములుతోంది.

"ఒడ్డున బేరం బాగా ఆడారు కదమ్మా! నీళ్ల మీదికొచ్చాక నోరు పడిపోయిందేం?" అన్నాడు పడవాయన.

ఇంటికొచ్చి, పిన్నికి సముద్రం పడుతుందని మాత్రం చెప్పాను.

మా మార్కెట్ యార్డులో మిర్చి ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. అమ్మేవాడూ కొనేవాడూ తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని చెప్పుకునేవాళ్లు. అరచేతిలో చరిస్తే బేరం తెగినట్టే, ఇక బ్రహ్మదేవుడొచ్చినా మారదు. తెగకముందే చెయ్యి లాక్కున్నవాడు నలుగురిలో పలచనైపోతాడు. ఆ తువాలు కింద ఆడమనిషి చెయ్యి పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

ఒకరోజు పొద్దున నాన్న యార్డులో ఒక బేరం ముగించి తువాలు దులుపుకోబోతున్నాడు. నేను వెళ్లి దాని కింద చెయ్యి పెట్టేశాను.

"ఏంటమ్మా ఇది?"

"బేరం నాన్నా. మగతోడు ఎంతమందో తేల్చండి," అన్నాను, ఆయనకి మాత్రమే వినపడేట్టు.

చుట్టూ జనం తిరిగి చూశారు. చెయ్యి లాక్కునే దారి ఆయనకి లేదు. నా నాలుగు వేళ్లు పట్టుకున్నాడు.

ఇప్పుడు నేను చెప్పాలి. తీరా చూస్తే సున్నాకి గుర్తే లేదు! ఊరికే ఇచ్చే సరుకు యార్డుకి రాదు కాబట్టి ఎవరికీ దాని అవసరం పడలేదు. ఏ వేలూ పట్టుకోకుండా, అరచెయ్యి ఆయన అరచేతిలో తెరిచి ఉంచాను. నాన్న నా మొహంలోకి చూశాడు. మూడు వేళ్లకి దిగాడు. నేను కదల్లేదు. రెండు. చివరికి నా చిటికెన వేలొక్కటే పట్టుకున్నాడు.

ఒక్కడేగా, కానీయవే అని నాలోని బేరగత్తె గొణిగింది. సగంలో కలవడమే తెలివని నమ్మినదాన్ని మరి. కానీ ఆ ఒక్కడూ పెదనాన్నే అవుతాడు. అరచెయ్యి అలాగే ఉంచాను. మిర్చి ఘాటుకి ఇద్దరికీ కళ్లు కారుతున్నాయి. చూసేవాళ్లకి తండ్రీకూతుళ్లు ఏడుస్తున్నట్టే ఉండి ఉంటుంది.

"షావుకారు గారూ, ఏం సరుకండీ, అంతసేపు?" అని ఎవరో కేకేశారు.

"సరుకు మొండిదిలే," అన్నాడు నాన్న. నా వేలు వదిలేసి, ఖాళీ అరచేతిలో ఫట్‌మని చరిచాడు.

యార్డు సంగతి విని సాయంత్రం పెదనాన్న పరుగున వచ్చాడు. "ఎంతకి తెగిందిరా?"

"తువాలు కింది మాట పైకి చెప్తారా అన్నయ్యా!" అన్నాడు నాన్న.

మేం బయల్దేరిన పొద్దున వ్యానులో ఇద్దరమే ఉండటం చూశాక పెదనాన్నకి లెక్క అర్థమైంది. గబగబా వీధి మలుపుకి నడిచి అడ్డంగా నిలబడ్డాడు. బయల్దేరేవాళ్లని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెనక్కి వెళ్లి, కూచుని, మంచినీళ్లు తాగి గానీ మళ్లీ కదలకూడదు. ఆ వయసు మనిషికి అది తెలియక కాదు.

"ఎక్కడికమ్మా, పొద్దున్నే?" అన్నాడు తీయగా.

అలవాటు కొద్దీ పిన్ని చెయ్యి తలుపు మీదికి పోయింది. నేను ఇంజను ఆపలేదు.

"లంకకి పెదనాన్నా. కొట్టుకి లవంగాలు కావాలంటే చెప్పండి. తెస్తాను," అని గేరు వేశాను. ఆయనే పక్కకి తప్పుకున్నాడు.