ఏడో ఖోలీ కథ

మొన్న రవికె కుట్టించుకుందామని దర్జీ దగ్గరికి వెళ్తే, అతని కత్తెర కచకచలాడుతూ మధ్యలో టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దానికి నా మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అతను సుద్దముక్క కోసం వెతుక్కుంటున్నాడు, అంతే. కానీ తొంభైలలో, నాందేడులో, మా మేనత్త పక్కన కూర్చుని దయ్యాల కథలు వింటూ పెరిగినదాన్ని నేను. కత్తెర ఆగిందంటే కథలోకి దయ్యం వచ్చిందని లెక్క.

మేనత్త ఉండేది పన్నెండు ఖోలీల పాత వాడాలో, మన మండువా లోగిలి లాంటిది. గదికో కుటుంబం. ఆడవాళ్ళంతా పగలు నడిమి వాకిట్లో చేరి, ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. కత్తిరించిన తునికాకు పచ్చివాసన, తంబాకు ఘాటు, కత్తెరల కచకచ, వాటి మధ్య ఆమె గొంతు. ఆమె కథలన్నీ ఆ వాడాలోనే జరిగేవి, ఖోలీకొకటి. మూడో ఖోలీ ముందు దండెం మీద ఎవరిదీ కాని తడిచీర ఒకటి ఉండేది, ఎంత ఎండ కాసినా ఆరేది కాదు. ఐదో ఖోలీలో ట్యూషన్ మాస్టరు పేర్లు పిలుస్తుంటే, గోడలోంచి ఒక గొంతు ‘హజర్’ అనేది. దయ్యం కూడా నాలాగే మరాఠీ బడికి వెళ్ళిందన్నమాట. ఖాళీగా పడి ఉన్న ఏడో ఖోలీ మీద మాత్రం ఆమె తన విద్యంతా చూపింది. దూలానికున్న ఉయ్యాల కొక్కెం మిట్టమధ్యాహ్నం దానంతట అదే కిర్రుమంటుందట. అక్కడ పెరిగే బిడ్డ తన పేరుకు పలకదట, చచ్చిపోయిన మరో బిడ్డ పేరుకు పలుకుతుందట.

ఆ ఖోలీలోకి ముఖేడ్ నుంచి ఒక జంట అద్దెకు వచ్చింది. ఆ పిల్ల నిండు చూలాలు. ఎవరో నోరాగక కథ చెప్పేశారు. ఇక ఆమె గడప దాటి లోపలికి వెళ్తే ఒట్టు. బయట అరుగు మీదే కూర్చుని, అన్నం ముట్టక, మూడు రోజులకే సగమైపోయింది. భర్త మేనత్త దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

“అక్కా, నీ కథ జెయ్యవట్టి ఆమె లోపటికి పోతలేదు. ఏమన్న అయితే నేనెట్ల జెయ్యాలె?”

మేనత్త చాట దించి, వెళ్ళి ఆ పిల్ల ముందు కూర్చుంది. “గా కథ నేను కట్టిందే బిడ్డా. అంత ఝూట్.”

“నన్ను ఊకోవెట్టెతందుకు అంటున్నవ్ అత్తా,” అని ఆ పిల్ల ఏడ్చింది.

అప్పుడు మేనత్త అందరి ముందూ ఆ కథను పోగుపోగుగా విప్పింది. కిర్రుమనేది ఇక్కడి కొక్కెం కాదు, కర్ఖేలిలో తన పుట్టింటి ఉయ్యాల. “మా చెల్లె సచ్చిపోయినంక మాయమ్మ నన్ను దాని పేరువెట్టి పిలిచేది. నేను పలికేదాన్ని. పలకకుంటే ఏడుస్తది గద.”

వాకిట్లో ఒక్క కత్తెర కదల్లేదు. ఆ సంగతి మా నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదు. మూలనున్న ఒకామె మాత్రం “అయితే గిన్నొద్దులు మమ్మల్ని మోసం జేసినవా?” అని నొచ్చుకుంది.

“జేసిన,” అంది మేనత్త.

ఆ పూటే తన పరుపు చుట్టుకుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడో ఖోలీకి మారింది. కాన్పు దాకా ఆ పిల్లతోనే తిని, ఆ కొక్కెం కిందే కూర్చుని బీడీలు చుట్టింది. వాకిట్లో కథలు ఆగిపోయాయి. చెప్పమని ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎత్తలేదు. సర్కారు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. కొక్కేనికి తన పాతచీరతో ఉయ్యాల కట్టింది మేనత్తే.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం ఆ బాలింత చంటిదాన్ని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి కూర్చుంది. “అత్తా, ఏడో ఖోలీ కథ మల్లొకపారి జెప్పు. మంచిగ భయపెట్టాలె.”

మేనత్త మొహం విచ్చుకుంది. చెప్పింది. అబద్ధమని తెలిసీ అందరం వణికిపోయాం.

అప్పటికి ఆమెకు నలభై నిండలేదు. ఆ వయసును నేనిప్పుడు దాటేశాను. నలుగురిలో నా అబద్ధం ఒకదాన్ని అలా విప్పి చూపగలిగే రోజు మాత్రం నాకింకా రాలేదు.