మూడు సెయాల పిండి

నేను పన్నెండు కిలోలని రాసిచ్చాను. వాళ్ళు ఇరవై రెండు కిలోలని అచ్చువేశారు. కింద నా పేరు మాత్రం అలాగే ఉంచారు.

అప్పుడు నేను నిడదవోలులో తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్ని. ఆ ఊరు ఇంకా పశ్చిమ గోదావరిలోనే ఉంది. నా రిటైర్‌మెంటుకు ఏడాది మిగిలింది. ఏడో తరగతితో బడి మానేసి, ఇదే శాఖలో తూకపురాళ్ళ పెట్టె మోసే పనివాడిగా చేరినవాణ్ణి. మిగతా చదువంతా ప్రైవేటుగా కట్టిన పరీక్షలే.

దగ్గర ఊళ్ళో ఒక చర్చివాళ్ళు వంటల పుస్తకం వేస్తూ, తమ గ్రంథంలో వచ్చే పాతకాలపు రొట్టెను అందులో చేర్చాలనుకున్నారు. దానికి పిండి మూడు సెయాలు. సెయా అనేది ప్రాచీన హీబ్రూ ప్రజలు గింజలూ పిండీ కొలుచుకున్న కొలత. తెలుగులో చెప్పేటప్పుడు దాన్ని మన మానికను చేసేశారు గానీ, మానిక ఎక్కడ, సెయా ఎక్కడ! పండితులు తలో మాటా చెప్పినా, సెయా ఏడు లీటర్ల పైచిలుకు. మూడూ కలిపితే ఇంచుమించు ఇరవై రెండు లీటర్లు. పాస్టరుగారు ఆఫీసుకు వచ్చి, "వంటింట్లో ఆడవాళ్ళకి తెలిసేలా రాసిపెట్టండి సార్" అన్నారు. అది నా ఉద్యోగం కాదు. అయినా ఒప్పుకున్నాను.

లీటరు చోటును చెబుతుంది, కిలో బరువును చెబుతుంది. చోటు తెలిసినంత మాత్రాన బరువు తెలియదు, సరుకును తూచాలి. శాఖ ముద్ర పడిన లీటరు పాత్రలో జల్లించిన గోధుమపిండిని తట్టకుండా పోసి, అంచు మీద చదునైన బద్దతో గీసి, తూచాను. మళ్ళీ పోసి మళ్ళీ తూచాను. మూడుసార్ల సగటు అయిదువందల యాభై గ్రాములు. ఆ లెక్కన పిండి పన్నెండు కిలోలు. నీళ్ళ సంగతి ఆ చర్చిలో పండుగ వంటలు నడిపించే మార్తమ్మగారు తేల్చారు. నా ముందే కిలో పిండి కలిపి చూపించారు. ఆ లెక్కన పన్నెండు కిలోలకు ఏడు లీటర్లు. అంకెలన్నీ ఒక కాగితం మీద, కొలిచిన పద్ధతి రెండో కాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చాను.

ఆ ఏడు క్రిస్మస్ పండుగ అయిన నాలుగో రోజున మార్తమ్మగారు అచ్చయిన పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కింద మీ పేరే ఉంది కదండీ. మీరు చెప్పినట్టే చేశానండి" అన్నారు.

జరిగింది ఇదీ. పండుగకు ఆ రొట్టె చేయడానికి పుస్తకంలో ఉన్నట్టే ఇరవై రెండు కిలోల పిండికి ఏడు లీటర్ల నీళ్ళు పోయించారు. పిండి ముద్ద కట్టలేదు. "ఇది ఇంకా నీళ్ళు అడుగుతోందండి మాస్టారూ" అని ఆవిడ అన్నారట. పుస్తకం పరిష్కరించిన రిటైర్డు హెడ్మాస్టారు పక్కనే నిలబడి, "పిండి అడిగితే సరాండి? పుస్తకం అడగాలి" అన్నారట. చుక్క ఎక్కువ పోయనివ్వలేదు. వచ్చిన చుట్టాల్లో ఒకాయన రొట్టెను బల్లకేసి కొట్టి, "మార్తమ్మా, ఇంకో వంద చేసిపెట్టు, ప్రహరీ కట్టుకుంటాం" అన్నాడట. అందరూ నవ్వారు. కమిటీ కూర్చుని, ఇకమీదట పండుగ వంటకు ఆవిడను పిలవకూడదని తీర్మానించింది. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ చేతిమీద నడిచిన వంటిల్లు అది.

నా దగ్గరున్న కార్బన్ కాపీ తీసుకుని మర్నాడే మాస్టారింటికి వెళ్ళాను. అంకె మార్చింది తానేనని ఆయన దాచలేదు.

"లీటరంటే కేజీ అని ఏడో తరగతి పుస్తకంలోనే ఉందండి. అంతవరకూ చదివారు కదా తమరు?" అన్నారు.

"అది నీళ్ళకండి. పిండికి కాదు" అన్నాను.

ఆయన లోపలికి కేకేసి, ఇంట్లో బియ్యం కొలిచే డబ్బా తెప్పించి నా ముందు పెట్టారు. "దీన్నేమంటామండీ మనం? కేజీ డబ్బా."

నిజమే, మావైపు ఇళ్ళలో లీటరు డబ్బాను కేజీ డబ్బా అనే అంటారు. బియ్యాన్ని అంచుకు గీయరు, గోపురంగా పోస్తారు. అలా పోసిన బియ్యం దాదాపు కిలో తూగుతుంది. అందుకే ఆ పేరు నిలిచింది. పిండికి ఆ లెక్క పనికిరాదని, కావాలంటే ఇప్పుడే తూచి చూపిస్తానని అన్నాను. ఇంట్లో కాటా లేదన్నారు. పక్క కొట్లో ఉందన్నాను. భోజనం వేళయిందన్నారు.

తర్వాత కమిటీకి ఉత్తరాలు రాశాను. తప్పు నాది కాదని మాత్రమే కాదు, మార్తమ్మగారిది అసలే కాదని రాశాను. రెండేళ్ళలో నాలుగు. జవాబు లేదు. ఈలోగా రిటైరయ్యాను. పాస్టరుగారు మారిపోయారు. కొత్తగా వచ్చినాయనకు అయిదోది రాశాను.

ఆ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. ఒక కొలతను ఇంకో కొలతలోకి మార్చి రాసేవాడు ఏ సరుకు, ఏ పాత్ర, అంచుకు గీసిందా గోపురం పోసిందా అన్నది అంకె పక్కనే, అదే వరుసలో రాయాలి. నేను రెండో కాగితం మీద రాశాను. రెండో కాగితం ఎవరూ చదవరు. అంతవరకూ తప్పు నాదే.

కొత్త పాస్టరుగారి జవాబు ఇదీ:

"అయ్యా, మీ అయిదో ఉత్తరం అందింది. మొదటి నాలుగూ బీరువాలో దొరికాయి. మీ లెక్క ప్రకారం మొన్న ఆదివారం మార్తమ్మగారి చేత అందరి ముందూ పిండి కలిపించాం. పన్నెండు కిలోలకు ఏడు లీటర్లు సరిపోయాయి. ఈ క్రిస్మస్‌కు వంటిల్లు తిరిగి ఆవిడకే అప్పగించాం. పుస్తకం రెండోసారి అచ్చువేస్తూ అంకె సరిదిద్దుతున్నాం. అయితే కింద మీ పేరు ఉంటే తాను ఒప్పుకోనని మాస్టారుగారు అన్నారు. అందుచేత అక్కడ మార్తమ్మగారి పేరు వేస్తున్నాం. మీకు అభ్యంతరం ఉంటే వారంలోగా తెలియజేయగలరు."