కప్పూసాసరు గుర్తు

రాష్ట్ర స్థాయి బాక్సింగ్ పోటీల్లో బంగారు పతకం గెలిచి మా అక్క నాందేడ్ స్టేషన్‌లో దిగేసరికే ఆమె ఫ్లెక్సీ మా బస్తీలో వెలిసింది. అందులో అక్క ముఖం ఒక మూలన తపాలా బిళ్లంత ఉంది. మిగిలిన చోటంతా మా వార్డు నగరసేవకుడిదే, అంటే కార్పొరేటరుదే. తెల్లచొక్కా తొడుక్కుని, చేతులు జోడించి, పతకం తానే గెలిచినట్టు నవ్వుతున్నాడు.

మరునాడు ఆయన తన ఆఫీసులో అక్కకు సత్కారం ఏర్పాటు చేశాడు. శాలువా కప్పాడు, కొబ్బరికాయ చేతిలో పెట్టాడు, ఫోటో తీయించుకున్నాడు. అంతలో నాయ్‌గావ్ నుంచి ఆయన పార్టీవాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన అక్క వైపు తిరిగి, మన తెలుగులోనే, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"బిడ్డా, లోపట చాయ్ అయ్యింది. జర మనోళ్లకు అందియ్యి."

భుజాన శాలువా, మెడలో పతకం. అక్క లోపలికి వెళ్లి ట్రే పట్టుకొచ్చింది. వంగి ఒక్కొక్కరికీ కప్పు అందిస్తుంటే పతకం ట్రే అంచుకు తగిలి టంగుమంది. ఆయన నవ్వాడు.

"పైలం బిడ్డా, కప్పులు పలుగుతయ్."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. నాందేడ్ జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్ దగ్గరి పల్లె నుంచి కూలికి వలస వచ్చిన మా ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మా నాన్న మోండా మార్కెట్‌లో బస్తాలు మోసేవాడు, అమ్మ నాలుగిళ్లలో గిన్నెలు తోమేది. అన్యాయాన్ని మాటలతో ఎదుర్కోవాలని మాకు తరగతిలో చెప్పారు. ఆ రోజు నాకు ఒక్క మాట కూడా తోచలేదు. ఆ పతకం చప్పుడు మాత్రం నాతోపాటు ఇంటికి వచ్చింది.

అక్కకు అసలు కావలసింది శాలువా కాదు, హాలు. నీళ్ల ట్యాంకు వెనక నగరపాలికవారి వ్యాయామశాల ఒకటి ఉంది. అక్క అక్కడే గ్లవ్స్ తొడగడం నేర్చుకుంది. తరువాత బస్తీ ఆడపిల్లలకు తానే నేర్పడం మొదలుపెట్టింది. సత్కారం జరిగిన కొన్నాళ్లకు నగరసేవకుడు ఆ హాలుకు తన సొంత తాళం వేసి, లోపల తన పెండాల్ కుర్చీలు పేర్చాడు. పంచింగ్ బ్యాగును బయట వానలో పడేశారు. అక్క అడగడానికి వెళ్లిన ప్రతిసారీ ఆయన ముందు చాయ్ అందించమనేవాడు, తరువాత హాస్యమాడేవాడు.

"ఆడపోరలకు గుద్దులాట ఎందుకే? రేపు పెండ్లయితే మొగడు తట్టుకోవాలె గదా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. పదవీకాలం ముగిసినా, ఎన్నికలు లేక నగరం ఏళ్ల తరబడి ప్రభుత్వం పెట్టిన ప్రశాసకుడి చేతిలో ఉన్నా, ఆ తాళం మాత్రం తీయలేదు. అక్క రైల్వే గోడ పక్కన రోడ్డు మీదే నేర్పించింది. వచ్చేపోయేవాళ్లు నిలబడి చూస్తున్నారని తల్లులు పిల్లలను ఒక్కొక్కరినే మాన్పించారు. చివరకు గోడ మిగిలింది, అక్క మిగిలింది.

ఎన్నికలు రానే వచ్చాయి. మా వార్డులో ఒక స్థానం మహిళలకు కేటాయించారు. ఆయన తన భార్యను నిలబెట్టాడు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆ పోస్టర్లలో ఆమె ముఖం కూడా తపాలా బిళ్లంతే ఉండేది. అక్క స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేసింది. గెలిస్తే హాలు తెరుచుకుంటుంది, ఓడితే ఎప్పటికీ తెరుచుకోదు. అక్కకు ఇదే లెక్క. నా కోరిక అంత పవిత్రమైనది కాదు. ఆ మనిషి మా గుమ్మంలో తల దించుకుని కూర్చోవాలి. నాకు అదే కావాలి.

గుర్తు ఎంచుకునే రోజున ఎన్నికల ఆఫీసు వరండాలో నేను అక్కకు నచ్చజెప్పాను.

"అక్కా, బ్యాట్ గుర్తు ఖాళీగ ఉంది. ఆటలోళ్ల గుర్తు, అందరికి సమజైతది."

"నాకు కప్‌బశీ గావాలె."

కప్‌బశీ అంటే కప్పూ సాసరూ. మా ప్రాంతపు ఎన్నికల్లో స్వతంత్రులకు ఇచ్చే గుర్తుల్లో అదొకటి.

"ఏందే, పిచ్చి లేసిందా? ఆయన నవ్వుతడు."

"నవ్వనీ. నవ్వాలంటే నోరు తెరవాలె గదా."

అక్క ఏ రకం బాక్సరో ఆ క్షణంలో నాకు గుర్తుకురావలసింది. ముందుకు దూకి కొట్టే రకం కాదు. ఎదుటివాళ్లు చెయ్యి చాచేదాకా ఆగి, చాచినప్పుడు బయటపడిన పక్కటెముకల మీద కొట్టేది.

ఆయన చెయ్యి చాచడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చౌకులో జరిగిన మొదటి సభలోనే మైకు అందుకున్నాడు.

"చూసిండ్రా ఆ పోరి గుర్తు? కప్‌బశీ. మా ఆఫీసుల ఎందరికి చాయ్ అందిచ్చిందో అడగుండ్రి. నేర్పింది నేనే. రేపు కార్పొరేషన్‌ల గూడ గదే చేస్తది."

సభ నవ్వింది. ఆ నవ్వు రుచి మరిగి ప్రతి సభలోనూ అదే మాట అన్నాడు. ఆయన ఆటో మైకులు గల్లీగల్లీలో అదే ఎగతాళి మోగించాయి. నేను మరాఠీలో, తెలుగులో ఎంతో శ్రద్ధగా రాసిచ్చిన ఉపన్యాసాలను అక్క మడిచి పక్కన పెట్టింది. ఇంటింటికీ వెళ్లి రెండే మాటలు చెప్పింది. "అవును, అందిచ్చిన. మీరు గూడ అందిస్తరు గదా."

ఒక పొద్దున కుళాయి దగ్గర అమ్మతోపాటు ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మాట్లాడుకోవడం విన్నాను.

"నేను గూడ నాలుగిండ్లల్ల చాయ్ ఇస్త. నాకేం కమ్మి అయ్యిందట?"

"గాయన తాగిన కప్పులు కడిగింది నేనే. తాగి ఏడ పెడ్తడో గాయనకే తెల్వదు."

"మిషన్ మీద ఏ బొమ్మనో యాది ఉండకపోయేది నాకు. ఈసారి గాయనే రోజు మైకుల చెప్తుండు, పుణ్యాత్ముడు."

మా ప్రచారానికి మైకు లేదు. ఆయన మైకే మా గుర్తును ప్రతి గడపకూ మోసింది. లెక్కింపులో అక్క స్వల్ప తేడాతో గెలిచింది. ఆమెకు కన్నీళ్లు వచ్చాయి. నాకు రాలేదు. నేను జనంలో ఆయన ముఖం వెతుక్కుంటున్నాను.

వెతకనక్కరలేకుండానే మరునాడు పొద్దున్నే వచ్చాడు. శాలువా, కొబ్బరికాయ, ఫోటోగ్రాఫరు, వెనక ఒక అనుచరుడు. ఓడినవాడు గెలిచినవారిని సత్కరిస్తే పెద్దమనిషి అనిపించుకోవచ్చు. గల్లీ అంతా మా వాకిట్లో చేరింది.

"బిడ్డా, నువ్వు మా చేతుల మీద పెరిగినదానివి. గెలుసుడు ఓడుడు ఉంటనే ఉంటయ్."

అక్క శాలువా కప్పించుకుంది. ఫోటోకు నిలబడింది. తరువాత మెల్లగా అంది.

"కూసోండ్రి కాకా. చాయ్ తాగుండ్రి."

లోపల ఆమె చాయ్ పోస్తుండగా నేను పెట్టె తెరిచి పతకం తీశాను. ఏమీ అడగకుండా ఆమె మెడలో వేశాను. అక్క నా వైపు ఒకసారి చూసింది, వద్దనలేదు.

ఆయన ముందు వంగినప్పుడు పతకం ట్రే అంచుకు తగిలి టంగుమంది. ఆయన తలెత్తాడు. ట్రేలో ప్రచారమంతా మేము చేతబట్టి తిప్పిన కప్పూ సాసరే ఉన్నాయి. గెలిచినవాళ్ల ఇంట చాయ్ వద్దంటే కడుపుమంట అంటారు. అందరి ముందూ అందుకున్నాడు.

"అన్నా, గిది గూడ తియ్యుండ్రి ఫోటో," అన్నాను ఫోటోగ్రాఫరుతో. ఆయన కాదనేలోపే అతడు తీసేశాడు.

"కాకా, హాలు తాళంచెవి ఏది?" అక్క అడిగింది.

"ఇంట్ల యాడనో ఉండాలె. రేపు పంపిస్త బిడ్డా."

"రేపెందుకు? మీ మనిషిని పంపుండ్రి. తెచ్చేదాంక కూసోండ్రి."

కుళాయి దగ్గరి ఆడవాళ్లు ముందు వరుసలో నిలబడి ఉన్నారు. ఆయన అనుచరుడికి సైగ చేశాడు. అతడు బండి తీసి వెళ్లిపోయాడు. చాయ్ అయిపోయింది. ఆయన కప్పు కింద పెట్టబోతుంటే అక్క కెటిల్‌తో ముందుకు వంగి మళ్లీ నింపింది.

"పైలం కాకా, కప్పు పలుగుతది."

ఆయన చేతిలో సాసరు మీద కప్పు గలగలమంటోంది. తాళంచెవి వచ్చేదాకా గుమ్మంలో, నేను ఎప్పుడూ నిలబడే చోటనే నిలబడి, ఆ చప్పుడు కడుపు నిండా విన్నాను.