బీరువాలో స్పీడు

ఇంటర్నెట్టులో ఏ పనికి ఎంత స్పీడు కావాలో నన్నడగండి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పూలగుత్తి పంపడానికి ఒక ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. వీడియో కాల్‌కి నాలుగుంటే దర్జాగా సరిపోతుంది. పెద్ద టీవీలో హీరో ముఖం మీది చెమటచుక్కలు కూడా కనబడాలంటే పాతిక. మా ఇంట్లో ఉండేది ముగ్గురం, తీసుకున్నది వంద. ఆ మాత్రం కూడికలు రాకుండానే కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్నయ్యానా?

నా పేరు భీమేశ్వరరావు. సొంతూరు తణుకు, కాపురం ఢిల్లీ మయూర్ విహార్ ఫ్లాట్లలో. పేరులో ఉన్న భీముడు ఒంట్లో లేడు గానీ తాళంచెవుల గుత్తిలో ఉన్నాడు. ఆఫీసులో ప్రింటరు కాగితాల నుంచి గుండుసూదుల దాకా అన్నీ ఇనప బీరువాలో పెట్టించి, చెవి జేబులో వేసుకుంటాను. ఆ తెలివే ఇంటికీ తెచ్చాను. మా అమ్మాయి వీణ కాలేజీలో చదువుతోంది. నెట్టు కాస్త నెమ్మదిస్తే చాలు, రౌటరు స్విచ్చి టకటకా ఆపి, మళ్లీ వేసేది. పాడుచేసి ఊరుకుంటుందని, పడగ్గదిలో ఇనప బీరువా వెనక కన్నం పెట్టించి, వైర్లు దూర్చి, పట్టుచీరల పై అరలో రౌటరును ప్రతిష్ఠించాను. రేపు ఇంట్లో దొంగలు పడినా ఇంటర్నెట్టు భద్రం.

అప్పటి నుంచి నెట్టుది నత్తనడక. తప్పు కంపెనీదేనని తీర్మానించి కస్టమర్ కేర్ వాళ్లతో రోజూ హిందీలో పోట్లాడేవాణ్ణి. నా హిందీకి వాళ్లు నవ్వు ఆపుకుంటున్నారని తెలిసీ తగ్గేవాణ్ణి కాదు. ఇంట్లో పొదుపు చర్యలు కూడా చేపట్టాను. ఒకరు చూస్తుంటే ఇంకొకరు చూడకూడదు. వంటల వీడియోకైనా నా అనుమతి ఉండాలి.

"గుత్తొంకాయకి ఎన్ని ఎంబీలు మంజూరు చేస్తారు?" అని అడిగేది నా భార్య అన్నపూర్ణేశ్వరి.

ఆమె పెళ్లికి ముందు తణుకులో పిల్లలకు సంగీతం చెప్పేది. నా ఉద్యోగం వెంట ఢిల్లీ వచ్చాక ఆ పాట వంటింట్లోనే ఉండిపోయింది. ఈ మధ్య హైదరాబాదులో ఒక సంగీత పాఠశాల వాళ్లు ఆన్‌లైన్లో చెప్పేవాళ్లు కావాలంటే తనంతట తానే దరఖాస్తు రాసింది. ముందు ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. అది నచ్చితేనే ఉద్యోగం.

"ఏమండీ, మధ్యలో ఆగిపోదు కదా?" అని ముందురోజు ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆమె గొంతులో భయం వినబడింది.

"వీడియో కాల్‌కి నాలుగు చాలు. మిగతా తొంభయ్యారూ నీ వెనక కాపలా కాస్తాయి," అన్నాను.

శనివారం పొద్దున టీవీ ప్లగ్గు పీకేశాను. వీణ ఫోను లాక్కున్నాను.

"నాన్నా, సిర్ఫ్ వాట్సాప్ హై యార్! అదొక్కటే కదా!"

"చినుకు చినుకు కలిస్తేనే వరదమ్మా," అని నా ఫోను కూడా ఆపేశాను. త్యాగంలో ముందుండాలిగా!

అన్నపూర్ణ బీరువా తెరిచి ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుంది. హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెరమీద ఒక గడిలో పాఠశాల పెద్ద సదాశివరావు గారు, ఇంకో గడిలో పాఠం నేర్చుకునే చిన్నపిల్ల. బొమ్మ అద్దంలా ఉంది.

"వావ్, ఆజ్ తో మస్త్ చల్ రహా హై," అని నెట్టును మెచ్చుకుంది వీణ.

"మరి ప్లానింగ్ అంటే ఏమనుకున్నావ్?" అని మీసం దువ్వుకున్నాను.

అన్నపూర్ణ సరళీ స్వరాలు పాడుతోంది, పిల్ల అందుకుంటోంది, సదాశివరావు గారు తల ఊపుతున్నారు. ఇక నాతో పని లేదని పడగ్గదిలోకి వెళ్లాను. బీరువా బార్లా తెరిచి ఉంది! చూస్తూ ఊరుకుంటే నేను భీమేశ్వరరావునెలా అవుతాను? తలుపు మూశాను. తాళం వేశాను. పిడి పట్టుకుని రెండుసార్లు లాగి చూసుకుని మరీ హాల్లోకి వచ్చాను.

సదాశివరావు గారు ఊపుతున్న తల ఓ పక్కకు వాల్చి, నోరు తెరిచి, అలాగే నిలిచిపోయారు. పిల్ల గడి నల్లబడింది. అన్నపూర్ణ ఇంకో రెండు స్వరాలు పాడి, చూసి ఆపేసింది. నావైపు తిరిగింది.

"దొంగ కంపెనీ!" అని నేను ఫోను అందుకున్నాను.

"నాన్నా, ఏక్ మినట్. ఆప్ నే కుఛ్ కియా క్యా?" అంది వీణ.

"నేనేం చేశాను? బీరువా తాళం వేశానంతే."

చెప్పిన నోటితోనే నాకూ అర్థమైంది. తెచ్చిన వందా పట్టుచీరల పక్కన కూర్చుని ఇన్నాళ్లూ ఇనప తలుపుకు తల బాదుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను. చావడానికి కూడా తీరిక లేదు, పరుగెత్తాను. కంగారులో ముందు ఆఫీసు బీరువా చెవి దూర్చాను, తర్వాత స్కూటరుది. మూడోది పట్టింది. తలుపు తెరిచి, అది తనంతట తానే మూసుకుపోతుందేమోనని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను.

హాల్లోంచి సదాశివరావు గారి గొంతు వినబడింది. "ఆగిపోయిందమ్మా. ఆగిన చోటు మీకు గుర్తుందా, మళ్లీ మొదటినుంచి చెప్తారా?"

"గుర్తుందండీ," అంది అన్నపూర్ణ. సరిగ్గా అక్కడినుంచే అందుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

పాఠం అయ్యాక ఆమే వచ్చింది. "సోమవారం నుంచి పాఠాలు ఇచ్చారండీ. ఇక తలుపు వదలండి."

వదిలి, తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టబోయాను.

"అవి మీ దగ్గరే ఉంచుకోండి. ఆ రౌటరు ఒక్కటి బయట పెట్టండి, చాలు," అంది.

నేను రౌటరును హాల్లో గోడకు బిగించేదాకా పట్టుచీరైనా మార్చుకోకుండా పక్కనే నిలబడింది.