కాంటా కేసులో నా డైరీ

ఆ రోజుల్లో నాకు లోకంలో అందరూ తెలివితక్కువవాళ్లుగానే కనిపించేవారు. పైకి అనే ధైర్యం లేదు కనుక డైరీలో అనేదాన్ని. డిగ్రీ అయ్యాక కంఠేశ్వర్‌లో ఒక కంప్యూటర్ల దుకాణంలో చేరాను. యజమాని పక్క కుర్చీలోని మనిషితో కూడా వీధి అవతలికి వినపడేలా మాట్లాడేవాడు. డైరీలో ఆయన పేరు హారన్ సార్. అక్కడ ప్రోగ్రాములు రాసే సీనియర్ అన్న టీ తాగుతాడు, కాసేపాగి మళ్లీ టీ తాగుతాడు (డైరీలో కెటిల్). నేను మాత్రం రోజంతా పలికేది రెండే మాటలు: 'సరే సార్', 'సరే అన్న'.

బోధన్ బెల్లం వ్యాపారుల దగ్గర ఒక కంపెనీ కరెంటు కాంటాలు ఉండేవి. కంప్యూటర్ మారిస్తే చాలు, తూకం తెరమీదికి వచ్చేది కాదు. కాంటాకూ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, పాతబడిపోయింది. కొత్త డ్రైవర్ అడిగితే కొత్త కాంటానే కొనుక్కోమంది ఆ మహా కంపెనీ. అన్నకు రోషం వచ్చింది. "మనమే రాద్దాం చెల్లె. నువ్వు కాంటా మీద ఒక్కొక్క బాటు పెట్టి, తీగల ఏ అంకెలు వస్తున్నయో రాయి. వాళ్ల ప్రోగ్రాం మాత్రం విప్పి సూడొద్దు. నేను గూడ సూడ." కిలో బాటు, రెండు కిలోల బాటు పెట్టుకుంటూ వారం రోజులు అంకెలు రాశాను. చేతికందిన పుస్తకం నా డైరీయే. అందులోంచి చీటీల మీద ఎక్కించి ఇస్తే, అన్న వాటితో డ్రైవర్ రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని లోపలి రాతతో సహా నెట్‌లో పెట్టాడు. బోధన్‌లో మూగబోయిన కాంటాలు మళ్లీ పలికాయి.

నెల తిరక్కుండా కంపెనీ నోటీసు వచ్చింది. మా ప్రోగ్రాం విప్పి దొంగిలించారు, డ్రైవర్ తీసేయకపోతే కోర్టుకీడుస్తాం అని. (తాము పారేసిన చెప్పులు ఇంకొకరు కుట్టుకుని తొడుక్కుంటే కేసు పెట్టే రకం.) "తీసెయ్ తమ్మీ, నాకీ కోర్టులొద్దు!" అని హారన్ సార్ మోగాడు. అన్న ఆ పూట టీ ముట్టలేదు. చివరికి ముగ్గురం వకీలు దగ్గరికి పోయాం.

"మిషిన్ ఏం పలుకుతుందో విని రాసుకుంటే దొంగతనం గాదు. వాళ్ల ప్రోగ్రాం లోపలి రాత ఎత్తుకస్తేనే తంటా. మీరు వినే రాసిండ్రని రుజువుందా?" అన్నాడాయన.

"చెల్లె రాసింది సార్, తారీఖులతోని," అన్నాడు అన్న.

అంకెల పేజీలు చింపి తెస్తానని గొణిగాను.

"చింపితే గది రుజువెట్లైతది బిడ్డా? బుక్కు మొత్తం పట్కరా."

ఇవ్వకపోతే అన్న కష్టం పోతుంది. ఇస్తే నా పరువూ, బహుశా ఉద్యోగమూ పోతాయి. రెండు రోజులు జ్వరమని ఇంట్లో కూర్చున్నాను (జ్వరం లేదు). మూడో రోజు సార్‌తో, అన్నతో వెళ్లి డైరీని వకీలు బల్ల మీద పెట్టాను.

వకీలు కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు. "'ఐదు కిలోల బాటు. అంకెలు మారాయి. హారన్ సార్ పొద్దున్నుంచి మోగుతూనే ఉన్నాడు, బ్యాటరీ ఎప్పుడు దిగుతుందో.' ఎవరమ్మా గీ హారన్?"

"మీ పక్కన కూర్చున్న సారే," అన్నాను. ఆ ఉద్యోగంలో అప్పటిదాకా నేను పలికిన అతి పొడవైన వాక్యం అదే.

సార్ ముఖం కందగడ్డ అయింది. వకీలు మాత్రం మురిసిపోయాడు. "అసలు రుజువు గిదే! కోర్టు కోసమని తయారు జేసిన బుక్కుల, ఓనర్‌నే గిట్ల తిట్టుకుంటరా ఎవరన్న?"

పేజీల నకళ్లు జవాబుతో పాటు కంపెనీకి వెళ్లాయి, తిట్లతో సహా. కంపెనీ మళ్లీ ఉత్తరం రాయలేదు. డ్రైవర్ ఇంకా నెట్‌లోనే ఉంది. సార్ నన్ను తీసేయలేదు గానీ, వారం రోజులు గుసగుసగా మాట్లాడి నన్ను చంపాడు. చివరికి నేనే వెళ్లి, "సార్, మామూలుగనే మాట్లాడుండ్రి," అని బతిమాలుకున్నాను. ఆ తర్వాత ఆయనతో కబుర్లాడటం కూడా మొదలైంది.

ఈమధ్య ఆ డైరీ తిరగేశాను. ఎంత పొగరు ఆ నోరులేని పిల్లకు! కానీ ఏ మాటకామాటే, అంత చక్కటి తిట్లు ఇప్పుడు రాద్దామన్నా రావడం లేదు. ఏం చేస్తాను, మనుషులతో మాట్లాడటం అలవాటైపోయింది.