క్రామ్ మేష్ట్రు

నేను చెప్పేదాన్ని సగానికి కోసుకుని చదవండి. గోరంతను కొండంత చేయడం నా జబ్బు.

బాగేపల్లి నుంచి చింతామణి పోయే పొద్దుటి బస్సులో ఊపిరి పీల్చాలంటే పక్కవాడు వదిలేదాకా ఆగాలి. అందులోనే వచ్చేవారు రిటైరైన ఇంగ్లీషు మేష్ట్రు. జనం ఎక్కేకొద్దీ ఆయనకు పాఠం పొంగుకొచ్చేది. వేలు పైకెత్తి, "క్రామ్! అంటే కుక్కేది. వెయ్యేండ్ల నాటి మాటప్పా. మొదట్లో ఒత్తి అదిమేదాన్ని అట్లంటాండ్రి. తర్వాత మనుషులకీ తగిలించినారు" అనేవారు.

ఒకరోజు పట్టుగూళ్ళ మూటతో ఒకామె ఎక్కింది. మూట ఏనుగుపిల్లంత. గూడు నలిగితే లోపలి పురుగు చితికి దారానికి మరక పడుతుంది. మార్కెట్లో ఎవరూ ముట్టరు.

"నీ పాఠం తర్వాత చెబుదువు మేష్ట్రే! ఇవి నలిగితే నా నెల కష్టం మట్టిలో కలుస్తాది" అని ఆమె ఏడుపు గొంతుతో అరిచింది.

మేష్ట్రు పాఠం ఆపేశారు. రెండు చేతులూ సీటు కమ్మీలకు ఆనించి, మూట మీద పందిరిలా వంగారు. బస్సు జనమంతా ఆ వీపు మీదే పడింది.

"యాడికప్పా తోస్తాండారు? ఈడ గూళ్ళుండాయి!" చింతామణి దాకా ఆయన నోట అదొక్కటే మాట.

దిగాక ఆమె మూట విప్పి చూసుకుంది. ఒక్క గూడూ నలగలేదు. ఆయనకు దండం పెట్టింది. ఆయన నడుము మాత్రం నిటారు కాలేదు.

ఊపిరి సంగతీ ఏనుగు సంగతీ పెంచి చెప్పినవే. పూర్తిగా కల్పించింది ఆ దండం ఒక్కటే. ఆమె వెనక్కి చూడకుండా మార్కెట్టుకు పరుగెత్తింది; ఆయన వంగిన నడుముతోనే నవ్వుతూ నిలబడ్డారు. పోయిన ఏడు ఆయన చనిపోయారని తెలిశాక, ఆ దండం నేనే పెట్టించాను.